మా పెట్టె మీద అయిదున్నర

సాయంత్రం నాలుగుంబావుకు బడి గంట కొట్టారు. పిల్లలు బయటికి ఉరికారు. వరండా ఖాళీ అయ్యాక నేను హార్మోనియం విప్పి నిలబెట్టాను. రత్నమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టి, ఎప్పటిలాగే, "అయిదున్నర ఇయ్యి మాస్టరూ" అన్నది. ఆ మెట్టు నొక్కి శ్రుతి ఇచ్చాను. ఒక పద్యం పాడింది. చివర రాగం తీసి, మామూలుగా ఆపేచోటు కంటే చాలా ముందే ఆపేసింది. నేను తలెత్తి చూశాను. ఆమె కొంగుతో మెడ తుడుచుకుంటూ రోడ్డు మీద పోతున్న పత్తి ట్రాక్టరును చూస్తోంది.

జరిగింది అంతే. తర్వాత ఏళ్ళ తరబడి మా ఇద్దరి మధ్య నడిచిన తెలివితక్కువతనమంతా వడ్డేపల్లి దగ్గరి ఆ ఊళ్ళో, ఆ వరండాలో మొదలైంది. అందులో పెద్ద వాటా నాదే.

నేను నాటకం మాస్టరును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు దిక్కు ఊళ్ళలో రైతులు పద్యనాటకాలు ఆడతారు. చేలల్లో పని తగ్గాక ఒక హార్మోనియం మాస్టరును పిలిపించుకుంటారు. అతను నెలా రెండు నెలలు ఆ ఊళ్ళోనే ఉండి పద్యాలు నేర్పుతాడు. ఆడవేషాలకు మాత్రం టౌను నుంచి పాడటం వృత్తిగా ఉన్న ఆమెను మాట్లాడుకుంటారు. ఆమె ఆట రోజు మధ్యాహ్నం బస్సు దిగి, సాయంత్రం ఒకసారి అందరితో శ్రుతి చూసుకుని, చీకటి పడ్డాక ముఖానికి రంగు వేసుకుంటుంది. ఆ మాస్టరును నేను. ఆమె నా భార్య రత్నమ్మ. పోయినేడు చనిపోయింది.

ఈ పనిలోకి వస్తామని కొందరు పిల్లలు గద్వాలలో మా ఇంటికి వస్తున్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. సన్మానాల సంగతి రాయను. శాలువాలు చలికాలం బాగా పనికొచ్చాయి, అంతవరకే. రత్నమ్మ సంతాప సభకు ‘గానకోకిల’ అని ఫ్లెక్సీ కట్టారు. మంచి మనసుతోనే కట్టారు. కానీ కోకిలకు బస్సులో నిలబడి ప్రయాణం చేసే పని లేదు, శ్రుతి ఎంత అని దాన్ని ఎవరూ అడగరు. రత్నమ్మను జీవితమంతా అదే అడిగారు.

ఎనుక నడిచే పని

నాకు పని నేర్పిన పెద్ద మాస్టరు వనపర్తి మనిషి. కోపిష్టి. తప్పు మెట్టు నొక్కితే వేళ్ళ మీద చీపురుపుల్లతో కొట్టేవాడు. ఆయన చెప్పిన మాట ఒక్కటే నాకు చివరిదాకా మిగిలింది: "పాడెటోడు ముందల పోతడు, నువ్వు ఎనుక పోవాలె. ఎనుక పోయెటోనికి ముందటోని మడిమెలు కనవడితె చాలు. మొఖం చూడవోతివో, తోవ తప్పుతవ్."

నేను పాడే మనిషి ముఖం చూడటమే కాదు, ఆమెనే పెళ్ళి చేసుకున్నాను. పెద్ద మాస్టరు పెళ్ళికి వచ్చి అన్నం తిని, చేయి కడుక్కుంటూ, "ఇగ తోవ తప్పినట్టే" అని పోయాడు.

శ్రుతి గురించి రెండు ముక్కలు. హార్మోనియం మెట్లకు మేము నంబర్లు చెప్పుకుంటాం. పాడేవాళ్ళ గొంతు ఏ మెట్టు మీద నిలబడుతుందో అది వాళ్ళ శ్రుతి. నంబరు ఎంత పైదయితే అంత గొప్ప. మా వైపు జనం పద్యానికి అర్థం అడగరు, ఎద్దుకు పళ్ళు చూసినట్టు ముందు శ్రుతి చూస్తారు. ఆ తర్వాత పద్యం చివర రాగం ఎంతసేపు లాగారో చూస్తారు. పొడుగ్గా లాగితే వన్స్‌మోర్.

మాది కాళ్ళతో గాలి తొక్కే పెట్టె. హార్మోనియాన్ని మేము పెట్టె అనే అంటాం. రాగం ఎంత పొడుగైతే తొక్కుడు అంత. నా కుడి మోకాలు అప్పటికే అరిగిపోతోంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. మాస్టరుకు మోకాలు నొప్పి అంటే దర్జీకి కన్ను మసక అన్నట్టే, పని పిలుపులు ఆగిపోతాయి. ఊళ్ళల్లో ఉన్నప్పుడు చాటుగా నూనె రాసుకునేవాణ్ణి. నా చాటు ఎంత చాటో తర్వాత తెలిసింది.

ఇద్దరూ ఒకే పనిలో

భార్యాభర్తలిద్దరూ కళాకారులైతే ఇల్లు ఎలా ఉంటుందని పిల్లలు అడుగుతారు. ఏదో గొప్పగా ఉంటుందని వాళ్ళ ఊహ. మా ఇంట్లో ఎక్కువగా ఉల్లిగడ్డల ధర గురించి మాట్లాడుకునేవాళ్ళం. పక్కింట్లో మగ్గం ఆడుతుండేది. ఆ చప్పుడుకు సరిగ్గా తాళం వేస్తూ రత్నమ్మ కూరగాయలు కోసేది, నేను చదువుకునేవాణ్ణి. సంగీతం గురించి మాకు మాటలు తక్కువ. నచ్చకపోతే ఆమె చిన్నగా దగ్గేది. ఆ దగ్గుకు నేను పెద్ద మాస్టరు చీపురుపుల్లకంటే ఎక్కువ భయపడేవాణ్ణి.

మాకు తెలిసిన ఇంకో జంట ఉండేది. భర్త నాటకాలకు తెరలు గీసేవాడు, భార్య వేషాలకు బట్టలు కుట్టేది. ఒకసారి ఆయన అంతఃపురం తెరను ముదురు నీలంలో గీశాడు, ఆమె రాణికి అదే నీలంలో చీర సిద్ధం చేసింది. ఒకరికొకరు చెప్పుకోలేదు, మెప్పించాలని ఇద్దరి ఆశ. రత్నమ్మ ఆ చీర కట్టుకుని ఆ తెర ముందు నిలబడితే రెండు చేతులు, ఒక ముఖం మాత్రం గాలిలో తేలుతూ పద్యం పాడాయి. జనం జడుసుకున్నారు. "ఇంట్ల ఇద్దరు ఒక్క మంచం మీదనే పంటరు గదా, ఒక్క మాట అడుగుకోరాదా?" అని నేను ఆ ఇద్దరినీ తెగ వెక్కిరించాను. ఆ వెక్కిరింత నాకు ఎన్నిసార్లు గుర్తుకొచ్చిందో చెప్పలేను.

రత్నమ్మకు ఒక పట్టుదల ఉండేది. చిన్నప్పుడు ఆమె ఒక పెద్దావిడ వెంట నాటకాలకు పోయేది. ఒక ఊళ్ళో ఆ పెద్దావిడ గొంతు బాగాలేక అరమెట్టు తగ్గించి అడిగింది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు ఈలలు వేశారు. ఆ తర్వాత ఆమెను ఎవరూ రాణి వేషానికి పిలవలేదు, ముసలి దాది వేషాలకు పిలిచారు. ఆమె పోలేదు. రత్నమ్మ నాతో పెళ్ళికి ముందే చెప్పింది: "అయిదున్నర అందని నాడు నేను రంగు పూసుకోను. నువ్వు బతిమిలాడొద్దు." ఆమె అన్నదంటే చేస్తుంది. ఆమె మానేస్తే నేను ఇంకొకరికి వాయించగలను. కానీ వాయించాలని ఉండదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

అందుకే ఆ సాయంత్రం రాగం మధ్యలో తెగినప్పుడు నాకు భయం పట్టుకుంది. తర్వాతి ఊళ్ళోనూ అంతే, ఆ తర్వాత ఊళ్ళోనూ అంతే. గొంతు పై మెట్టు మీద నిలబడటం లేదు, అందుకే ఆపేస్తోంది అని తీర్పు చెప్పుకున్నాను. ఇన్నేళ్ళ అనుభవం గల చెవి నాది. తప్పు ఎట్లా చెబుతుంది?

నేను చేసిన తెలివైన పని

వనపర్తిలో ఖాజా భాయి అని హార్మోనియాలు బాగుచేసే మనిషి ఉన్నాడు. కుట్టుమిషన్లు కూడా చేస్తాడు, హార్మోనియాలతో కడుపు నిండదు గనుక. రత్నమ్మ చుట్టాలింటికి పోయిన వారం చూసి పెట్టెను ఆయన దగ్గరికి మోసుకుపోయాను.

"భాయ్, అన్ని రీడ్లు అరమెట్టు దించాలె" అన్నాను.

రీడ్లు అంటే లోపల మోగే ఇత్తడి నాలుకలు. మొదలు దగ్గర గీకితే స్వరం దిగుతుంది, కొనలో గీకితే ఎక్కుతుంది.

ఖాజా భాయి అద్దాలు నొసటి మీదికి తోసుకున్నాడు. "శ్రుతి కలుపుమని అందరొస్తరు. చెడగొట్టుమని వచ్చినోనివి నువ్వొక్కనివే. దిమాక్ ఖరాబైందా మాస్టరూ?"

"నా వేలు అయిదున్నర మెట్టు మీదనే ఉండాలె, మోత మాత్రం అయిదు మోగాలె."

ఆయన పెట్టె మూత తీసి రీడ్లు చూశాడు. "అమ్మకా?"

"ఊ."

"అడిగి చేస్తున్నవా?"

"అడిగితె మానేస్తది."

ఆయన ఆకురాయి తీశాడు. ఇద్దరం కూర్చుని ఒక్కొక్క రీడూ గీకాం. పని అయ్యేసరికి మా వేళ్ళ మీద ఇత్తడి పొడి. పెట్టె మోత కొంచెం నీరసపడింది. "జ్వరమొచ్చి తగ్గిన మనిషి లెక్క పలుకుతుంది" అన్నాడు ఖాజా భాయి.

తర్వాతి నాటకానికి రత్నమ్మ అయిదున్నర అడిగింది. నేను అయిదున్నర మెట్టు నొక్కాను. ఆమె ఒక్క క్షణం ఆగింది. నా ముఖం వైపు చూసింది. నేను పెట్టె మీద లేని దుమ్మును తుడిచాను. ఆమె పాడింది. రాగం మాత్రం మళ్ళీ చిన్నగానే ఆపింది. గొంతు మరీ అలిసిపోయినట్టుంది, దించడం మంచిదైంది అని నన్ను నేను మెచ్చుకున్నాను.

తిమ్మప్ప గొంతు

ఒక మోసం చేస్తే దాని నీడ ఎక్కడెక్కడ పడుతుందో ముందే తెలియదు. మాకు రాజు వేషాలు వేసే తిమ్మప్ప ఉన్నాడు. వేరుశనగ రైతు, మంచి ఒడ్డూ పొడుగూ. అతని శ్రుతి నాలుగు. మా పెట్టె మీద ఆ సంవత్సరం అతనికి నాలుగున్నర సులువుగా అందింది. ఊరంతా చెప్పుకున్నాడు. మీసం పెంచాడు. ఆ పొగరుతో పక్క ఊళ్ళో వేరే మాస్టరు దగ్గర నాలుగున్నర అడిగి పాడబోతే, నిండు సభలో గొంతు చీలింది. మరునాడు పొద్దున్నే గద్వాలలో మా ఇంటికి వచ్చాడు. నేను అరుగు మీద ఉన్నాను. రత్నమ్మ లోపల చింతపండు పిసుకుతోంది.

"మాస్టరూ, నీ పెట్టెల ఏందో ఉంది."

"ఏముంటది తిమ్మప్పా? కూసో. చాయ్ తాగు."

"చాయ్ గీయ్ ఏమొద్దు. నీ తాన అందిన శ్రుతి ఆడ ఎందుకందలే? నాకు లెక్క తెల్వదనుకుంటివా? నీ పెట్టె..."

అతను ఇంకో మాట అంటే రత్నమ్మకు అర్థమైపోతుంది. ఆ రోజుతో ఆమె పాట, నా పని రెండూ అయిపోతాయి. అంతలో రత్నమ్మ చింతపండు చేతులతోనే బయటికి వచ్చింది.

"ఏంది తిమ్మప్పా, పొద్దుగాలనే లొల్లి? పెట్టెల ఏముంటది, చెక్క, ఇత్తడి. నీ గొంతులనే ఉంది. ఆటకు ముందు ఏం తిన్నవ్?"

"ఏం తినలే వదినా."

"అబద్ధం. మిర్చి బజ్జీలు తిన్నవ్. మీ ఊరోళ్ళు నాకు చెప్పిన్రు."

తిమ్మప్ప తల గోక్కున్నాడు. "రెండే తిన్న."

"రెండా? గొంతుల నిప్పులు పోసుకొని, మాస్టరు పెట్టె మీద పడ్తవా? పో. వారం దినాలు మిరియాల పాలు తాగు, నాలుగే పాడు."

అతను పోయాడు. అదృష్టం నా వైపు ఉందనుకున్నాను. ఆమె నన్ను అంత గట్టిగా ఎందుకు వెనకేసుకొచ్చిందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పుస్తకాలు బాగా చదివినవాళ్ళకు ఇంట్లో ఎదురుగా ఉన్నది చదవడం రాదు. నేను దానికి సాక్ష్యం.

బొత్తం

తర్వాత కీబోర్డులు వచ్చాయి. నాగర్‌కర్నూలు దగ్గర ఒక ఊరివాళ్ళు హార్మోనియంతో పాటు కీబోర్డు కూడా పెట్టారు. వాయించేది శేఖర్, పెళ్ళి బ్యాండ్లలో పేరున్నవాడు. కరెంటు వాయిద్యానికి మొహమాటం ఉండదు, అది అసలు అయిదున్నరే మోగిస్తుంది. నా పెట్టె అయిదు మోగిస్తుంది. రెండూ కలిసి మోగితే కుక్కలు కూడా లేచిపోతాయి, రత్నమ్మకు తెలియకుండా ఎట్లా ఉంటుంది?

ఆ మధ్యాహ్నమంతా పరేషాన్. శ్రుతి చూసుకునే ముందు శేఖర్‌ను పట్టుకుందామని స్టేజీ వెనకకు పోయాను. అప్పటికే రత్నమ్మ అతని దగ్గర నిలబడి ఏదో చెబుతోంది. నన్ను చూసి, "చాయ్ పోస్తున్నరంట, నువ్వు కూడ తాగు" అని పక్కకు వెళ్ళిపోయింది.

నేను శేఖర్ చెవి దగ్గరికి వంగి, "తమ్మీ, ఒక్క మాట. నా పెట్టె అరమెట్టు దిగి ఉంటది. నువ్వు..." అన్నాను.

"పెట్టిన మాస్టరూ."

"ఏం పెట్టినవ్?"

"మైనస్ వన్." ఒక బొత్తం చూపించాడు. "గిది ఒక్కసారి వత్తితె అరమెట్టు దిగుతది. ఏ మెట్టు నొక్కినా అంతే."

"నా పెట్టె దిగిందని నీకెట్ల తెలిసె?"

అతను కిందికి చూసి నవ్వుకున్నాడు. "చెవులున్నయ్ గద మాస్టరూ."

ఖాజా భాయీ నేనూ వేళ్ళు అరగదీసి చేసిన పని అతను బొటనవేలితో చేశాడు. నాకు నవ్వూ వచ్చింది, కొంచెం ఏడుపూ వచ్చింది. ఆ రోజు ఆట బాగా జరిగింది.

ఇలాగే నడిచింది. రత్నమ్మ చివరి ఆట దాకా రాణి వేషమే వేసింది, చివరి ఆట దాకా అయిదున్నర అనే అడిగింది. జబ్బు చేసి దవాఖానలో ఉన్నప్పుడు నేను ఆమె మంచం పక్కన కూర్చుని, ఈ సంగతి చెబుదామా అని రోజూ అనుకునేవాణ్ణి. చెప్పలేదు. ఆమె కూడా ఒకటి రెండుసార్లు ఏదో చెప్పబోయి, "నీ అద్దాలు తుడుచుకో" అన్నది.

అనిత చెప్పింది

ఆమె పోయాక ఒక్క నాటకానికి ఒప్పుకున్నాను. వడ్డేపల్లి దగ్గరి అదే ఊరు, అదే బడి వరండా. రాణి వేషానికి అనిత వచ్చింది. రత్నమ్మ దగ్గర పద్యాలు నేర్చుకున్న పిల్ల. నేను ఊళ్ళల్లో ఉన్నప్పుడు మా ఇంటికి వచ్చి నేర్చుకునేది. ఇప్పుడు మంచి పేరుంది. సాయంత్రం శ్రుతి చూసుకుంటున్నాం. పద్యం చక్కగా పాడి, రాగం సగంలో ఆపేసింది.

"రాగం ఎందుకు గట్ల కోసేస్తవ్ బిడ్డా? దమ్ము లేదా?"

"అమ్మ బాణీ గద సార్."

"ఏం బాణీ?"

"రాగం పొట్టిగ తీసుడు. మేమందరం గట్లనే పాడ్తం. జనం కూడ రత్నమ్మ బాణీ అనే అంటరు."

"రత్నమ్మకు గసుంటి బాణీ ఏం లేకుండె. గొంతు అందక ఆపేది."

అనిత నన్ను వింతగా చూసింది. తర్వాత పెట్టె కింద నా కాళ్ళ వైపు చూసింది.

"గొంతు కాదు సార్. మీ మోకాలు."

నేను కుడికాలు పక్కకు తీసుకున్నాను.

"కుడికాలు ఆగి ఎడమకాలు ఒక్కటే తొక్కుతుంటె రాగం ఆపాలె అని అమ్మ చెప్పింది. మీకు తెల్వనియ్యొద్దన్నది. తెలిస్తె మాస్టరు పని ఇడుస్తడు, పని ఇడిస్తె ఇంట్ల కూసొని పుస్తకాలు సదివి సదివి మనిషి ఖరాబైతడు అన్నది."

"అమ్మకు గొంతు తగ్గలేదా?"

"యాడ తగ్గింది సార్? మాకు నేర్పెటప్పుడు ఫోన్ల శ్రుతి పెట్టుకొని ఆరు దాక పోయేది."

వరండా స్తంభానికి ఆనుకున్నాను. అయితే ఆ రీడ్లన్నీ దేనికి గీకినట్టు? నా ముఖం చూసి అనిత ఇంకో మాట మింగబోయింది. చెప్పమన్నాను.

"మీరేమనుకోవద్దు. మాస్టరు పెట్టె మీద అయితె అయిదున్నర అనుర్రి, ఇంకెవరి పెట్టె మీద అయినా అయిదే అడుగుర్రి అన్నది. రీడ్లు పాతవై దిగినయ్, మాస్టరు చెవికి తెలుస్తలేదు, పాపం, ఎవ్వరు ఏమనకుర్రి అన్నది. కీబోర్డాయనకు కూడ తనే చెప్పిందట, సర్దుకో అని."

నా చెవి పోయిందని ఆమె నమ్మింది. ఆమె గొంతు పోయిందని నేను నమ్మాను. చెవి పోయిన మాస్టరును ఎవరూ పిలవరు గనుక తిమ్మప్ప నోరు మూయించింది, శేఖర్‌ను బతిమిలాడింది. ఆమె మానేస్తుందని నేను రీడ్లు పాడుచేశాను. నేను మానేస్తానని ఆమె వన్స్‌మోర్లు వదులుకుంది. ఇద్దరి గొంతూ చెవీ బాగానే ఉన్నాయి. పాడైంది నా మోకాలు, నా పెట్టె. మూడు జిల్లాల్లో ఇప్పుడు రాణి వేషం వేసే ఆడపిల్లలంతా నా మోకాలిని పట్టి రాగం తీస్తున్నారు, దానికి బాణీ అని పేరు కూడా పెట్టుకున్నారు. ఒక మోకాలికి ఇంత గౌరవం దక్కడం నేను ఎక్కడా చదవలేదు.

చాలాసేపు నవ్వాను. అనిత కూడా నవ్వింది. తర్వాత నేను అద్దాలు తీసి తుడుచుకుంటుంటే నవ్వు ఆపేసింది.

"ఇప్పుడు పొడుగు తియ్యాల్నా సార్?"

"తియ్యి. ఎంతుంటె అంత తియ్యి. నేను తొక్కుత."

తీసింది. మంచి గొంతు. నేను రెండు కాళ్ళతో తొక్కాను. రాగం పైకి పోతోంది. మోకాలు మంటపెట్టింది, అయినా కుడికాలు ఆపలేదు. ఆగలేదనే అనుకున్నాను. పాట మధ్యలో తెగింది.

"ఏమైంది?"

"కాలు ఆగింది సార్." తల వంచుకుంది. "అలవాటైపోయింది."

చెప్పదలచుకున్నది

తోడు పనివాళ్ళను పెళ్ళి చేసుకునేవాళ్ళకు నేను సలహా ఇవ్వాలంటే, ఆ తెరల జంటకు చెప్పిందే చెప్పాలి: ఒక్క మాట అడుగుకోండి. అయితే ఆ సలహా మీద నాకే పూర్తి నమ్మకం లేదు. మేము అడుగుకుని ఉంటే నా మోకాలి సంగతి అప్పుడే బయటపడేది. నేను ఆ సంవత్సరమే మానేసి ఉండేవాణ్ణి, ఆమె వేరే మాస్టరు పెట్టె మీద పాడుకునేది. అడుగుకోలేదు గనుక ఇంకా చాలా ఏళ్ళు ఒకే స్టేజీ మీద ఉన్నాం. ఏది మేలో నేను తేల్చలేను. ఆమెనే అడగాలి.

ఆ నాటకంతో నేను పని మానేశాను. ఆమె భయపడినట్టే ఇంట్లో కూర్చుని పుస్తకాలు చదువుతున్నాను. ఖాజా భాయి కొత్త రీడ్లు వేసి పెట్టెను సరిచేస్తానన్నాడు. వద్దన్నాను. ఒక్కోసారి మూత తీసి అయిదున్నర మెట్టు నొక్కుతాను. అయిదు మోగుతుంది.

మా దిక్కు నాటకాల్లో ఇప్పుడు కాలితో తొక్కే పెట్టె వాడరు. కీబోర్డు పెడతారు. శ్రుతి దించాలంటే బొత్తం వత్తుతారు, ఎంత దించారో పైన అద్దంలో అంకె వెలుగుతుంది, అందరికీ కనిపిస్తుంది. రీడ్లు ఎవరూ గీకరు.